నాన్న మందుల ఖర్చు: ఫారంలో వదిలేసిన ఆ ఖాళీ

ప్రశ్న: మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. నాన్నకు 66 ఏళ్లు. షుగరు, బీపీ ఉన్నాయి, మూడేళ్ల కిందట స్టెంట్ వేశారు. ఆరోగ్య బీమా లేదు. మందులకే నెలకు 6,800 రూపాయలవుతోంది. వీధి చివరి షాపులో నగదు ఇచ్చి ఆయనే తెచ్చుకుంటారు. ఈ ఖర్చుకు ఏదైనా పాలసీ ఉందా? ఇంకో సంగతి. ప్రభుత్వ పథకాల్లో మందులు ఎలా అందితే బాగుంటుందో రోగుల్నే అడుగుతున్నామంటూ ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు నాలుగు పేజీల ఫారం ఇచ్చి వెళ్లారు. ‘అదంతా చెత్తబుట్టకే’ అంటున్నారు నాన్న. నింపడం దండగేనా? ఫారం, ఒక బిల్లు ఫొటో తీసి పంపుతున్నాను.

జవాబు: ఫారంలో ‘నెలకు మందుల ఖర్చు ఎంత’ అన్నచోట 6,800 అని రాశారు. దాని కిందే ‘ఏ మందుకు ఎంత’ అన్న గడిని ఖాళీగా వదిలేశారు. సంస్థవాళ్ల మాట తర్వాత, ముందు నాకు కావలసింది ఆ గడే.

మీరు పంపిన బిల్లులో అన్నిటికన్నా పెద్ద మొత్తం ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్రది. మన దేశంలో దాని పేటెంట్ 2025 మార్చిలో ముగిసింది. అంతకుముందు ఒక్కో మాత్ర 60 రూపాయల దగ్గర ఉండేది. పేటెంట్ పోగానే చాలా కంపెనీలు అదే మందును తమ పేర్లతో, జనరిక్‌గా, పది, పదిహేను రూపాయలకే దించాయి. నాన్నగారి చీటీలో మాత్రం మూడేళ్లుగా అదే బ్రాండు. డాక్టరు తప్పని అనను, ధర ఎంతని ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు. ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు బిల్లు చూపించి అడగండి. షాపులో ‘రెండూ ఒకటే సార్’ అంటే మార్చేయకండి, స్టెంట్ ఉన్న మనిషి.

బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలకు జన్ ఔషధి ఉండనే ఉంది. మన రాష్ట్రంలో 2025 ఫిబ్రవరిలో చవకగా మందులమ్మే ‘ముదల్వర్ మరుందగం’ షాపులు కూడా వెయ్యి తెరిచారు. అక్కడ ధర కనుక్కోండి.

ఇక పాలసీ. బీమా ఆసుపత్రి మంచానికి పనికొస్తుంది, మందుల షాపుకు కాదు. ఆయుష్మాన్ భారత్ కూడా ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి అయ్యాక 15 రోజుల మందులే చూసుకుంటుంది. పదహారో రోజు నుంచి మన జేబే. ఆసుపత్రిలో చేరకపోయినా డాక్టరు ఫీజు, మందులకు డబ్బిచ్చే (ఓపీడీ కవర్) ప్రైవేటు పాలసీలు ఉన్నాయి కానీ, ప్రీమియాన్ని, లిమిట్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే మన డబ్బే మనకు తిప్పి ఇస్తున్నట్టుంటుంది. నేనైతే తీసుకోమనను.

బీమా లేకపోవడం వల్ల మీకు ఒక వెసులుబాటు ఉంది. 60 దాటిన తల్లిదండ్రులకు పాలసీ లేకపోతే, వాళ్ల వైద్యానికి మీరు పెట్టిన ఖర్చులో ఏడాదికి 50,000 వరకు ఆదాయపు పన్నులో మినహాయింపు దొరుకుతుంది. మీరు పాత పన్ను పద్ధతిలో, 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 15,600 మిగులుతుంది. నగదు ఇస్తే మాత్రం చెల్లదు. నాన్నగారు నోట్లిచ్చి తెచ్చుకున్నన్నాళ్లూ ఆ డబ్బు మీకు రానట్టే. మీ యూపీఐ నుంచి కట్టండి, బిల్లులు దాచండి.

ఫారం సంగతికొస్తే, నింపండి. కెనడాలో ఒక కొత్త మందుకు ప్రభుత్వ డబ్బు పెట్టాలా వద్దా అని తేల్చేముందు రోగుల సంఘాల మాట వింటారు. 2010 నుంచీ ఉన్న పద్ధతి. ధర ఎక్కువా తక్కువా అన్నదొక్కటే కాదు, జబ్బుతో రోజెలా గడుస్తోంది, ఇప్పుడు వాడే మందుతో ఇబ్బందేమిటి అని అడుగుతారు. మీ ఫారం ఎంత దూరం వెళ్తుందో నేను హామీ ఇవ్వలేను. కానీ ‘మందులు చాలా ఖరీదు’ అని రాస్తే అది ఎవరికీ పనికిరాదు. ఏ మందు, ఎంత, ఏది కొనలేక ఏ నెలలో ఆపారు అని రాస్తే కాస్త పట్టించుకుంటారు. ఆధార్, బ్యాంకు వివరాలు అడిగితే మాత్రం ఆ గడులు ఖాళీగానే వదలండి.

ఆపడం అంటే గుర్తొచ్చింది. మా నాన్న మందులు పాత బిస్కెట్ డబ్బాలో ఉండేవి. నెల తిరిగినా బీపీ స్ట్రిప్పులో పన్నెండు మాత్రలు మిగిలాయని ఒకరోజు అమ్మ లెక్కపెట్టి చెప్పింది. అడిగితే, ‘రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను, ఖర్చు కదా’ అన్నారు. అప్పటికి నేను ఊరందరికీ డబ్బు సలహాలు చెప్తున్నాను.

అందుకే ఫారం ఒక్కరే కూర్చుని నింపకండి. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని, మాత్రల డబ్బా తెరిచి, ఒక్కో స్ట్రిప్పూ బయటికి తీసి చూస్తూ రాయండి. ఆ ఖాళీ గడి నిండాక దాని ఫొటో నాకూ పంపండి, మిగతా లెక్క అప్పుడు చూద్దాం.