ఫెడరల్ నిధులు తగ్గాయని మా బాబు స్పీచ్ థెరపీ తగ్గించవచ్చా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక పట్టణంలో ఉంటున్నాం. మా బాబుకు ఏడేళ్లు, ఆటిజం ఉంది. ప్రభుత్వ పాఠశాలలో రెండో తరగతి చదువుతున్నాడు. వాడి ఐఈపీలో (వైకల్యం ఉన్న పిల్లవాడికి బడి రాసి ఇచ్చే వ్యక్తిగత విద్యా ప్రణాళికలో) వారానికి 60 నిమిషాల స్పీచ్ థెరపీ రాసి ఉంది. గత వారం జరిగిన ఆర్డ్ సమావేశంలో (ఆ ప్రణాళికను తల్లిదండ్రులతో కలిసి నిర్ణయించే సమావేశంలో), ఫెడరల్ నిధుల సంగతి అయోమయంగా ఉందనీ, థెరపిస్టులు చాలడం లేదనీ చెప్పి, దాన్ని 20 నిమిషాలకు తగ్గించి, అది కూడా నలుగురు పిల్లలతో కలిపి ఇస్తామన్నారు. మేము ఒప్పుకోలేదు. పది రోజుల్లో మళ్లీ కూర్చుందామన్నారు. ఫెడరల్ విద్యాశాఖనే మూసేస్తున్నప్పుడు, వైకల్యం ఉన్న పిల్లల చదువుకు సంబంధించిన చట్టం ఇంకా ఉన్నట్టేనా? మావారు హెచ్-1బీ మీద ఉన్నారు, గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తోంది. స్కూలుతో తగాదా పెట్టుకోవద్దని బంధువులు అంటున్నారు. మాకు దారి చెప్పండి.

జవాబు: నిధులు తగ్గాయన్న కారణంతోగానీ, థెరపిస్టులు దొరకడం లేదన్న కారణంతోగానీ మీ బాబు ఐఈపీలో రాసిన సేవను తగ్గించే హక్కు స్కూల్ డిస్ట్రిక్ట్‌కు (మీ ప్రాంతపు ప్రభుత్వ బడులు నడిపే స్థానిక సంస్థకు) లేదు. బాబు అవసరం తగ్గిందని వాళ్లు ఆధారాలతో చూపగలిగితే అది వేరే సంగతి. డబ్బు, సిబ్బంది అన్న కారణానికీ బాబు అవసరం అన్న కారణానికీ మధ్య తేడాను గట్టిగా పట్టుకోండి, మీ కేసు మొత్తం దాని మీదే నిలబడుతుంది. మీ దగ్గర ఉన్న పది రోజుల వ్యవధి విలువైనదే. అయినా, ఏం చేయాలో చెప్పే ముందు డబ్బు సంగతి కాస్త వివరిస్తాను. ఆ సంగతి తెలియకపోవడం వల్లే చాలామంది తల్లిదండ్రులు సమావేశంలో తలూపి వచ్చేస్తారు.

అమెరికా రాజ్యాంగంలో విద్య అన్న మాటే లేదు. 1973లో శాన్ ఆంటోనియో స్కూల్ డిస్ట్రిక్ట్ కేసులో, అంటే మీ రాష్ట్రం నుంచే వెళ్లిన కేసులో, విద్య ఫెడరల్ రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి పాఠశాలలు నడిపే బాధ్యత, ఖర్చు ప్రధానంగా రాష్ట్రానివి, స్థానిక డిస్ట్రిక్ట్‌వి. దేశం మొత్తం మీద ప్రభుత్వ పాఠశాలలకు వచ్చే ఆదాయంలో వాషింగ్టన్ వాటా మామూలు సంవత్సరాల్లో సుమారు పదో వంతు మాత్రమే. ఇల్లు మీ సొంతమైతే ప్రాపర్టీ టాక్స్ బిల్లు ఒకసారి తీసి చూడండి, అందులో అన్నిటికంటే పెద్ద అంకె సాధారణంగా స్కూల్ డిస్ట్రిక్ట్‌దే ఉంటుంది. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చేది తక్కువే అయినా, షరతు పెట్టి ఇస్తుంది. ఆ షరతుల్లో అతి ముఖ్యమైనది మీ బాబుకు వర్తించే ఐడియా చట్టం. 1975లో వేరే పేరుతో వచ్చి, 1990లో ఈ పేరు పెట్టుకున్న ఈ చట్టం, వైకల్యం ఉన్న ప్రతి పిల్లవాడికీ ఉచితంగా, తగిన విధంగా చదువు చెప్పాలని శాసిస్తుంది. దానికయ్యే అదనపు ఖర్చు కోసం, ఒక్కో విద్యార్థిపై దేశంలో పెట్టే సగటు ఖర్చులో 40 శాతం వరకు ఇస్తామని కాంగ్రెస్ అప్పుడే మాట ఇచ్చింది. యాభై ఏళ్లలో ఒక్క ఏడాది కూడా ఆ మాట నిలుపుకోలేదు. ఇటీవలి సంవత్సరాల్లో అది 15 శాతం కూడా చేరడం లేదు. అంటే ఇన్నాళ్లూ మీ బాబు వంటి పిల్లల థెరపీకి అయిన ఖర్చులో అధిక భాగం రాష్ట్ర, స్థానిక నిధుల నుంచే వస్తోంది. వాషింగ్టన్‌లో గాలి మారినంత మాత్రాన ఇక్కడ 40 నిమిషాలు ఎగిరిపోవడానికి లెక్క కుదరదు.

పైగా, స్పెషల్ ఎడ్యుకేషన్ మీద తన సొంత డబ్బు కిందటి ఏడాది కంటే తక్కువ పెట్టకూడదన్న నియమం రాష్ట్రానికీ ఉంది, కొన్ని మినహాయింపులతో డిస్ట్రిక్ట్‌కూ ఉంది. 2012లో టెక్సాస్ ఈ పద్దు కింద రాష్ట్ర ఖర్చును 33.3 మిలియన్ డాలర్ల మేర తగ్గించుకుంటే, అంతే మొత్తం ఫెడరల్ నిధులు కోల్పోవలసి ఉంటుందని విద్యాశాఖ చెప్పింది. రాష్ట్రం కోర్టుకు వెళ్లి 2018లో అయిదో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టులో ఓడిపోయింది.

ఇక విద్యాశాఖ మూత సంగతి. 2025 మార్చి 20న అధ్యక్షుడు ట్రంప్ ఆ శాఖను మూసే దిశగా చర్యలు తీసుకోమని మంత్రి లిండా మెక్‌మహన్‌ను ఆదేశిస్తూ ఉత్తర్వుపై సంతకం చేశారు. దానికి కొద్ది రోజుల ముందే సుమారు సగం సిబ్బందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. కింది కోర్టు ఆ తొలగింపులను ఆపితే, జులై 14న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. అయితే ఈ శాఖ 1979లో కాంగ్రెస్ చేసిన చట్టంతో ఏర్పడింది. దాన్ని పూర్తిగా రద్దు చేయాలంటే మళ్లీ కాంగ్రెసే చట్టం చేయాలి. అంతకంటే ముఖ్యంగా, ఐడియా చట్టం ఆ శాఖ కంటే పాతది. శాఖ పుట్టకముందే ఉన్న చట్టం శాఖ చిక్కిపోయినందుకు చచ్చిపోదు. 2025 జులైలో దాదాపు ఏడు బిలియన్ డాలర్ల పాఠశాల నిధులను కేంద్రం ఆపి, ఆ నెలాఖరుకు విడుదల చేయడానికి ఒప్పుకున్న మాట నిజమే. కానీ ఆపినవి ఉపాధ్యాయ శిక్షణ, ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలు, వలస కార్మికుల పిల్లలు, బడి తర్వాత నడిచే కార్యక్రమాల వంటి పద్దులు. ఐడియా నిధులు ఆ జాబితాలో లేవు. సమావేశంలో ‘ఫెడరల్ నిధులు’ అన్న మాట మళ్లీ వస్తే, ఏ పద్దు, ఎంత తగ్గిందో రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా అడగండి.

శాఖ బలహీనపడటం వల్ల నష్టమేమీ లేదని నేను అనడం లేదు, నష్టం ఉంది. రాష్ట్ర పాఠశాలలను పర్యవేక్షించే టెక్సాస్ విద్యా సంస్థ 2004 నుంచి స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లల సంఖ్య 8.5 శాతం దగ్గర ఉండాలన్న కొలబద్ద పెట్టి, అర్హత ఉన్న ఎందరో పిల్లలకు తలుపు మూయించింది. 2016లో ఒక దినపత్రిక దాన్ని బయటపెట్టాక, 2018 జనవరిలో అది చట్టవిరుద్ధమని తేల్చింది ఫెడరల్ విద్యాశాఖే. ఆ శాఖ పౌరహక్కుల విభాగానికి డాలస్‌లో ఉన్న ప్రాంతీయ కార్యాలయం 2025 సిబ్బంది కోతలో మూతపడింది. అందుకే ఈ సందర్భంలో అక్కడికి ఫిర్యాదు పంపి ఎదురుచూడమని నేను చెప్పను. మీ దారి రాష్ట్రంలోనే ఉంది.

ఖర్చు సాకు చెల్లదనడానికి 1999లో సీడర్ రాపిడ్స్ కేసు ఉంది. వెంటిలేటర్ మీద బతుకుతున్న ఒక విద్యార్థికి రోజంతా నర్సు సహాయం ఇవ్వడం భారమని అయోవాలోని డిస్ట్రిక్ట్ వాదిస్తే, సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2017లో కొలరాడోకు చెందిన ఎండ్రూ కేసులో, ఆటిజం ఉన్న బాలుడి విషయంలోనే, ఐఈపీ ఆ పిల్లవాడి పరిస్థితికి తగిన పురోగతి సాధించేలా ఉండాలనీ, నామమాత్రపు మేలు చాలదనీ న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా చెప్పారు. అయితే 2005 నాటి మరో తీర్పు ప్రకారం, హియరింగ్ (వివాదంపై జరిగే అధికారిక విచారణ) కోరిన వారే తమ వాదన రుజువు చేసుకోవాలి. అంటే ఆ భారం మీ మీద పడుతుంది. మీ నోటిమాట చాలదు, కాగితం కావాలి.

నా దగ్గరకు వచ్చిన ఒక తండ్రి చిన్న రూళ్ల నోటుపుస్తకం తెచ్చారు. తేదీ, ఆరోజు థెరపీ జరిగిందా, ఎన్ని నిమిషాలు, ఇంటికి వచ్చాక బిడ్డ కొత్తగా పలికిన మాట, ఇవన్నీ తెలుగులో వరుసగా రాసుకున్నారు. ‘నీళ్లు కావాలి’ అని రెండు మాటలు కలిపి అన్న రోజు కింద గీత గీసి ఉంది. థెరపీ ఆగిన ఆరు వారాల్లో ఒక్క గీత కూడా లేదు. దాన్ని అనువదించి జతచేశాక, తప్పిపోయిన నిమిషాలన్నీ తిరిగి ఇవ్వడానికి డిస్ట్రిక్ట్ హియరింగ్ దాకా రాకుండానే ఒప్పుకుంది. మీరు కూడా ఇవాళే మొదలుపెట్టండి.

ఇప్పుడు ఈ పది రోజుల్లో చేయవలసినవి. రేపే ఒక ఈమెయిల్ పంపండి. థెరపీ తగ్గింపును మీరు అంగీకరించడం లేదని అందులో స్పష్టంగా రాసి, స్పీచ్ థెరపిస్టు నమోదు చేసిన పురోగతి వివరాలు, గత మూల్యాంకనం ప్రతులు కోరండి. బాబు లక్ష్యాలు సాధించాడనీ, ఇక అంత సమయం అవసరం లేదనీ ఆ వివరాల్లో ఉంటే, మీ కేసు కష్టమవుతుందని నిజాయితీగా చెబుతున్నాను. అప్పుడు వారి మూల్యాంకనంతో విభేదిస్తూ, డిస్ట్రిక్ట్ ఖర్చుతోనే స్వతంత్ర మూల్యాంకనం అడగవచ్చు. ఆ వివరాల్లో అలాంటిదేమీ లేకపోతే, తగ్గింపుకు కారణం డబ్బే తప్ప బాబు కాదని వారి కాగితాలే చెబుతాయి.

రెండో సమావేశంలో కూడా ఒప్పందం కుదరకపోతే, డిస్ట్రిక్ట్ తన నిర్ణయాన్నీ దానికి కారణాలనూ రాతపూర్వక నోటీసుగా మీకు ఇవ్వాలి. టెక్సాస్‌లో ఆ నోటీసుకూ అమలుకూ మధ్య కనీసం అయిదు బడి రోజులు ఉండాలి. మీరు అత్యంత జాగ్రత్తగా ఉండవలసింది ఈ అయిదు రోజుల్లోనే. ఆ లోపు డ్యూ ప్రాసెస్ హియరింగ్ కోరుతూ టెక్సాస్ విద్యా సంస్థకు దరఖాస్తు చేసి, దాని ప్రతిని డిస్ట్రిక్ట్‌కు పంపితే, వివాదం తేలేదాకా పాత ఐఈపీయే, అంటే వారానికి 60 నిమిషాలే, కొనసాగించాలి. దీన్నే స్టే-పుట్ అంటారు. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు: అదే సంస్థకు మామూలు ఫిర్యాదు ఇచ్చి నిశ్చింతగా ఉంటారు. ఆ ఫిర్యాదు మంచిదే, ఏడాదిలోపు జరిగిన ఉల్లంఘనపై ఇవ్వవచ్చు, 60 రోజుల్లో తీర్పు రావాలి, ఖర్చు లేదు. కానీ దానికి స్టే-పుట్ రక్షణ రాదు. హియరింగ్ కోరితే మాత్రం వస్తుంది. దరఖాస్తు అందిన 15 రోజుల్లో డిస్ట్రిక్ట్ మీతో రాజీ సమావేశం జరపాలి, చాలా వివాదాలు అక్కడే ముగుస్తాయి. మీరు గెలిస్తే న్యాయవాది ఫీజు కూడా డిస్ట్రిక్ట్ నుంచి రాబట్టుకోవచ్చు.

వీసా గురించి మీ బంధువుల భయం నాకు అర్థమవుతుంది, కానీ దానికి ఆధారం లేదు. వలస స్థితిని బట్టి పిల్లలను బడికి దూరం చేయకూడదని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది టెక్సాస్ కేసులోనే, అది కూడా ఏ పత్రాలూ లేని పిల్లల విషయంలో. మీరు చట్టబద్ధంగా ఉన్నవారు. గ్రీన్ కార్డు దరఖాస్తుదారు ప్రభుత్వానికి భారం అవుతాడా అని చూసే నిబంధనను 2019లో బాగా కఠినం చేసినప్పుడు కూడా, ఐడియా కింద ఇచ్చే సేవలనూ బడిలో అందే సేవలనూ లెక్కలోకి తీసుకోలేదు. హక్కు అడిగినందుకు మీ మీదగానీ, బాబు మీదగానీ కక్ష తీర్చుకోవడం కూడా చట్టవిరుద్ధమే.

చివరగా ఒక చిన్న విషయం. ఇంగ్లీషులో జరిగే చర్చ మీకుగానీ మీవారికిగానీ పూర్తిగా అందకపోతే, రెండో సమావేశానికి తెలుగు దుబాసీని ఏర్పాటు చేయమని అదే ఈమెయిల్‌లో అడగండి. అది డిస్ట్రిక్ట్ తన ఖర్చుతో చేయవలసిన పని. సమావేశంలో ఎవరైనా ‘ఉన్న సిబ్బందిని బట్టి’ అని అంటే, ఆ మాటను అలాగే నమోదు చేయమని కోరండి.