తలుపు తీస్తే కారు కనిపించే ఆ మోటెళ్లు

అమెరికాలో రోడ్డు పక్కన ఉండే పాత మోటెళ్లను, అంటే గది తలుపు నేరుగా బయటికి తెరుచుకునే రకాన్ని, తలుచుకుని కొందరు ఎందుకంత బెంగపడతారని అడిగారు. చవక గదులే కదా, వాటిలో ఏముందని కూడా అన్నారు. చవక గదులే, కాదనను. తొంభైల చివర్లో ఓక్లహోమాకు చదువుకోవడానికి వచ్చినప్పటి నుంచి వాటిలో దిగుతూనే ఉన్నాను. మొదట నలుగురు స్నేహితులం ఒకే గదిలో సర్దుకుని, తర్వాత ఉద్యోగం కోసం ఊరు మారినప్పుడల్లా, ఆ తర్వాత పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో. నాకు వాటి మీద ఉన్న ప్రేమంతా ఆ తలుపు మీదే. అది బయటికి ఉండటం వల్ల, ఒక్క రాత్రి మకాంలో కూడా ఇరుగుపొరుగు ఉండేవారు.

చూడనివారి కోసం కాస్త వివరంగా చెబుతాను. ఒక అంతస్తు, మహా అయితే రెండు. గదులన్నీ ఒకే వరుసలోనో, మూడు వైపులా తిరిగి మధ్యలో ఖాళీ స్థలం వదిలో ఉంటాయి. రోడ్డు వైపు ఆఫీసు, దాని ముందు నియాన్ బోర్డు. ప్రతి గదికీ ఒక తలుపు, పక్కనే పెద్ద కిటికీ, కిటికీ కింద గోడలో బిగించిన ఏసీ. అది గర్రుమని మొదలై, కాసేపటికి ఆగి, మనం నిద్రలోకి జారుకున్నాక ఒక్క కుదుపుతో మళ్లీ అందుకునేది. కిటికీ తెర ఎంత లాగినా మధ్యలో సందు మిగిలేది, ఆ సందులోంచి నియాన్ వెలుగు మంచం మీద పడేది. తాళంచెవికి గది నంబరు అచ్చువేసిన ప్లాస్టిక్ బిళ్ల ఉండేది. మరిచిపోయి పట్టుకుపోతే ఏ పోస్టుడబ్బాలోనైనా వేయండి, తపాలా ఖర్చు మాదే అని దాని మీదే రాసేవారు. తలుపు ముందు రెండు ఇనుప కుర్చీలు. వాటికి ఎదురుగా, నాలుగడుగుల్లో, మన కారు.

ఈ నాలుగడుగుల విలువ తెలుగు కుటుంబంతో ప్రయాణం చేసినవారికి బాగా తెలుస్తుంది. డిక్కీలోంచి పులిహోర గిన్నె, పెరుగు డబ్బా, పచ్చడి సీసా, రైస్ కుక్కర్ ఎవరి ముందూ ఊరేగించకుండా గదిలోకి చేరేవి. పిల్లలు స్విమ్మింగ్ పూల్ నుంచి తడి కాళ్లతో నేరుగా గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చేవారు. పొద్దున్నే బయటికి వస్తే పక్క గదాయన కారు అద్దం తుడుచుకుంటూ, ముందున్న దారిలో గాలివాన ఉందనో, ఫలానా చోట రోడ్డు పని జరుగుతోందనో చెప్పేవాడు. లోపల కారిడార్ ఉన్న హోటల్లో ఇవేవీ ఉండవు. లిఫ్టు, కార్పెట్, రెండు వైపులా మూసిన తలుపులు, ఎవరైనా ఎదురైతే చిన్న చిరునవ్వు, అంతే.

ఒక సాయంత్రం సంగతి చెబుతాను. జూన్ మొదట్లో అమ్మానాన్నలతో న్యూమెక్సికో వెళ్తూ పడమటి ఓక్లహోమాలో ఒక చిన్న ఊళ్లో ఆగాం. నాన్నది తెనాలి దగ్గర పల్లె. జీవితమంతా వరి పండించినవారు. అమెరికాలో ఆయనకు తిండి, చలి ఏవీ ఇబ్బంది కాలేదు గానీ, పలకరించడానికి వీధిలో మనిషి కనిపించకపోవడం మాత్రం మహా కష్టంగా ఉండేది. ఆ మోటెల్లో ఇనుప కుర్చీ చూడగానే, ఊళ్లో ఇంటి అరుగు మీద కూర్చున్నట్టే కూర్చున్నారు.

పక్క గదుల్లో గోధుమ కోతల వాళ్లు దిగారు. మే నెలలో టెక్సస్‌లో మొదలుపెట్టి, పంట పక్వానికి వచ్చే కొద్దీ ఉత్తరానికి జరుగుతూ, వేసవి చివరికి డకోటాలు, మోంటానా దాకా వెళ్తారు. కోత యంత్రాలను పెద్ద ట్రెయిలర్ల మీద వెంట తీసుకెళ్తారు. వాళ్లలో ఒక పెద్దాయన గుమ్మం ముందు నిలబడి బూట్ల దుమ్ము దులుపుకుంటున్నాడు. నాన్న నన్ను పిలిచి, "ఎకరానికి దిగుబడి ఎంతో కనుక్కో" అన్నారు. 40 బుషెళ్లు వస్తే మంచి పంటేనని ఆయన జవాబు. బుషెల్ గోధుమలంటే 60 పౌండ్లు, సుమారు 27 కిలోలు. నాన్న వేళ్ల మీద లెక్కేసి, మన 75 కిలోల బస్తాల్లో పద్నాలుగున్నర అని తేల్చారు. "ఇంతేనా? మాకు వరి 30 బస్తాలు దాటుతుందని చెప్పు."

చెప్పాను. ఆ పెద్దాయన కనుబొమలు ఎగరేసి, నీళ్లెక్కడివని అడిగాడు. కృష్ణా కాలువ నీళ్లని చెప్పాను. మాకు కాలువలూ లేవు, బోర్లూ లేవు, పైనుంచి పడిందే నీరు అన్నాడు. అది వినగానే నాన్న ముఖం మారింది. "వానాధారమా? అయితే గొప్ప పంటే" అని కుర్చీ కాస్త అటు జరుపుకున్నారు. ఆ తర్వాత నేను అనువాదం చేయలేక అలిసిపోయాను గానీ వాళ్లిద్దరూ ఆగలేదు. డీజిల్ ఖర్చు, కూలీల కొరత, కోతల వేళ వడగళ్ల భయం, మన వైపు పంజాబ్ నుంచి వచ్చే కోత యంత్రాలు, అన్నీ దొర్లాయి. అమ్మ కాగితం పళ్లెంలో పులిహోర పెట్టి, "కారం తగులుతుందేమో ముందే చెప్పరా" అంటూ ఇచ్చింది. ఆయన తిని, వేరుశనగ గుళ్లు మాత్రం ఏరుకుని మళ్లీ అడిగాడు. మర్నాడు మేం లేచేసరికి వాళ్లు పొలానికి వెళ్లిపోయారు. అమెరికాలో ఉన్నన్నాళ్లూ నాన్న ఎవరు అడిగినా నయాగరా కంటే ముందు ఆ గోధుమలాయన గురించే చెప్పేవారు.

ఈ తలుపు కారుతో పాటే పుట్టింది. కార్లు వచ్చిన కొత్తలో దూరప్రయాణం చేసేవారు రోడ్డు పక్కన డేరాలు వేసుకునేవారు, తర్వాత చిన్న చిన్న చెక్క గదులు వెలిశాయి. పట్నం హోటల్‌కు వెళ్తే దుమ్ముకొట్టుకున్న బట్టలతో నలుగురి కళ్ల ముందు లాబీ దాటాలి, సామాన్లు మోసేవాడికి బక్షీసు ఇవ్వాలి. ఆ మొహమాటం ఏమీ లేకుండా, కారు గుమ్మం ముందే ఆపుకునేలా 1925లో ఆర్థర్ హైన్‌మన్ అనే వాస్తుశిల్పి కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో ఒక బస కట్టాడు. లాస్ ఏంజెలిస్, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య దాదాపు సగం దారిలో ఉంటుంది ఆ ఊరు. మోటెల్ అన్న పేరు అక్కడే పుట్టింది. మరుసటి ఏడు షికాగో నుంచి పడమటి తీరానికి రూట్ 66 అనే రహదారి ఏర్పడింది. దాని పొడవునా ఊరూరా భార్యాభర్తలు కలిసి నడుపుకునే మోటెళ్లు లేచాయి. 1956 చట్టంతో ఇంటర్‌స్టేట్ రహదారులు వచ్చి ఆ ఊళ్లను పక్కకు నెట్టేశాయి. రూట్ 66ను 1985లో అధికారిక జాబితా నుంచే తీసేశారు. బండ్లు ఆగని ఊళ్లో మోటెల్ ఎలా బతుకుతుంది?

బతికించింది చాలావరకు గుజరాతీలు. ఇది మనవాళ్లలో కూడా చాలామందికి పూర్తిగా తెలియని కథ. 1965 వలస చట్టం తర్వాత ఇండియా నుంచి, 1972లో అక్కడి నియంత ఈదీ అమీన్ వెళ్లగొట్టాక ఉగాండా నుంచి వచ్చినవారు, చమురు సంక్షోభంతో ధర పడిపోయిన మోటెళ్లను కొన్నారు. ఆఫీసు వెనకే కాపురం. పగలంతా దుప్పట్లు ఉతకడం, రాత్రంతా గంట మోగితే లేవడం. ఎదురుగా ఉన్న మోటెల్‌వాళ్లు 'అమెరికన్లదే ఈ మోటెల్' అని బోర్డులు పెట్టి వచ్చేవాళ్లను తమవైపు తిప్పుకునేవారు. బీమా కంపెనీలు, బ్యాంకులు ముఖం చాటేశాయి. ఆ అవమానాల్లోంచే 1989లో వాళ్ల యజమానుల సంఘం ఆహోవా ఏర్పడింది. ఈనాడు అమెరికాలోని హోటళ్లలో దాదాపు 60 శాతం తమ సభ్యులవేనని ఆ సంఘం చెబుతోంది.

ఆఫీసు తలుపు తీయగానే అగరుబత్తి వాసన, లోపలి గదిలోంచి ఆవాల పోపు వాసన, కౌంటర్ మీద లెక్కలు చేసుకుంటున్న పిల్లవాడు. పరాయి దేశంలో రాత్రి పదింటికి ఆ వాసన తగిలితే ఎంత ధైర్యంగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. మా పాప నెలల పిల్లగా ఉన్నప్పుడు మోటెల్ నడిపే ఒక బెన్ (గుజరాతీలో అక్క అన్నమాట) అర్ధరాత్రి లేచి తన వంటింట్లో పాలు కాచి, చీర కొంగుతో గిన్నె పట్టుకుని మా గుమ్మం దాకా తెచ్చిచ్చారు. ఆమెకు తెలుగు రాదు, మా ఆవిడకు గుజరాతీ రాదు.

ఇంత ప్రేమగా చెబుతున్నప్పుడు ఒక విషయం దాటేయకూడదు. ఆ తలుపులు అందరికీ తెరుచుకోలేదు. నల్లజాతి కుటుంబం ఖాళీలున్నాయని వెలుగుతున్న బోర్డుల ముందు నుంచే రాత్రంతా కారు నడుపుకుంటూ పోవలసి వచ్చేది. తమను రానిచ్చే బసల జాబితాను విక్టర్ హ్యూగో గ్రీన్ అనే న్యూయార్క్ పోస్ట్‌మన్ 1936 నుంచి పుస్తకంగా వేయవలసి వచ్చింది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాక కూడా అట్లాంటాలో ఒక మోటెల్ యజమాని నల్లవారికి గదులివ్వనని సుప్రీం కోర్టు దాకా వెళ్లి ఓడిపోయాడు. మార్టిన్ లూథర్ కింగ్ 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లోని లొరైన్ మోటెల్‌లో, 306వ నంబరు గది ముందు బాల్కనీలో నిలబడి ఉండగా హత్యకు గురయ్యారు. ఇప్పుడది పౌరహక్కుల మ్యూజియం. పిల్లలను తీసుకెళ్లి కింద నుంచి చూపించాను. అదే ఇనుప కమ్మీ, అదే రకం తలుపు, మేం ఎన్నోసార్లు దిగిన మోటెళ్ల లాంటిదే. మా పెద్దవాడు చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు.

ఇవి ఎందుకు తగ్గిపోయాయంటే ముఖ్య కారణం భద్రత. గది తలుపు దాకా ఎవరైనా రాగలరు. లోపల కారిడార్ ఉంటే అందరూ ఒక కౌంటర్ ముందు నుంచే వెళ్లాలి, కెమెరా పెట్టడం సులువు. ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్లకు అది పెద్ద ఊరట, మా చెల్లెలు అందుకే కారిడార్ హోటల్లోనే దిగుతుంది, ఆమెను నేనెప్పుడూ మార్చబోలేదు. పెద్ద బ్రాండ్లు కూడా కొత్తగా కట్టేవాటిలో బయటి తలుపులను దాదాపు మానేశాయి. మిగిలిన పాత మోటెళ్లలో చాలాచోట్ల ఇప్పుడు వారాల లెక్కన అద్దె కట్టే పేద కుటుంబాలు ఉంటున్నాయి. అపార్ట్‌మెంటుకు అడ్వాన్సు ఇచ్చుకోలేనివారికి అదే ఇల్లు. వాటిని ఊరికి మచ్చ అంటూ కూలగొట్టే ముందు, లోపలున్నవారు ఎక్కడికి పోతారో కూడా ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం.

మళ్లీ కాస్త ఆదరణ వస్తున్న మాట నిజమే. కోవిడ్ రోజుల్లో లిఫ్టు, లాబీ తగలకుండా నేరుగా గదిలోకి వెళ్లొచ్చని వీటినే వెతుక్కున్నవారున్నారు. 1962లో రాత్రికి 6 డాలర్లతో మొదలైన మోటెల్ 6 బ్రాండును 2024లో మన దేశపు ఓయో 52.5 కోట్ల డాలర్లకు కొన్నది.

ఒకసారి చూడాలనిపిస్తే, మంచి స్థితిలో ఉన్నవి ఇప్పటికీ ఉన్నాయి. న్యూమెక్సికోలోని టుకుమ్‌కారీలో బ్లూ స్వాలో మోటెల్ నాకు అన్నిటికంటే ఇష్టం. 1939లో కట్టడం మొదలుపెట్టారు, గది పక్కనే కారుకు చిన్న గ్యారేజీ ఉంటుంది. చీకటి పడకముందే చేరుకోండి, నియాన్ దీపాలు వెలిగేటప్పుడు బయటే ఉండాలి. అరిజోనాలోని హోల్‌బ్రుక్‌లో 1950 నాటి కాంక్రీటు గుడారాల మోటెల్ పిల్లలకు భలే నచ్చుతుంది, కాకపోతే దగ్గర్లోనే గూడ్స్ రైళ్లు పోతుంటాయి, నిద్ర తేలికగా ఉండేవారు ముందే సిద్ధపడాలి. సముద్రతీరం ఇష్టమైతే న్యూజెర్సీలోని వైల్డ్‌వుడ్ వెళ్లండి, యాభై, అరవైల నాటి రంగురంగుల మోటెళ్లు కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి.

గది మాత్రం వెబ్‌సైట్లో కాకుండా ఫోను చేసి తీసుకోండి. తలుపు బయటికేనా, కింది అంతస్తులో ఇస్తారా, గది ముందు కుర్చీలున్నాయా అని అడగండి. డబ్బు కట్టే ముందు గది చూపించమనండి, మంచి యజమాని ఎవరూ కాదనరు. పరుపు మూలలు ఎత్తి నల్లుల జాడ ఉందేమో చూడండి, తలుపు గడియ గట్టిగా పడుతోందో లేదో వేసి చూడండి. ఈ రెండింటిలో ఏది తేడాగా ఉన్నా, బోర్డు ఎంత అందంగా ఉన్నా సరే, అక్కడ ఆగకండి. అమ్మానాన్నలతో వెళ్తుంటే రోజుకు 300 మైళ్లు మించకుండా చూసుకోండి, సాయంత్రం అయిదింటికల్లా దిగితేనే బయట కూర్చునే వ్యవధి దొరుకుతుంది.