బీరువాలో పెట్టిన బంతి

శ్రీకాకుళం నుంచి విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు రాసిన ఉత్తరం సారాంశం ఇది: "మా వీధిలో పిల్లలు మధ్యాహ్నం మూడింటి నుంచి చీకటి పడేవరకు క్రికెట్ ఆడతారు. మోకాలి ఆపరేషన్ అయిన నా భార్యకు రాత్రి నిద్ర ఉండదు, పగలు వీళ్లు పడుకోనివ్వరు. ఊళ్లో స్టేడియం ఉంది కదా, అక్కడికి పొమ్మన్నాను. వినకపోతే బంతి లాక్కొని బీరువాలో పెట్టి, పోలీసులకు చెబుతానన్నాను. అప్పటి నుంచి మా పదేళ్ల మనవడిని ఎవరూ ఆటలో చేర్చుకోవడం లేదు. కోడలు నాతో ముభావంగా ఉంటోంది. నాదే తప్పా?"

మాస్టారూ, రోగికి విశ్రాంతి కావాలనుకోవడం తప్పు కాదు. అయితే మీ పూర్తి ఉత్తరంలో నిద్ర గురించి నాలుగు వాక్యాలుంటే, కిటికీ దగ్గర నిలబడి ఆట చూస్తున్న మనవడి గురించి పేజీన్నర ఉంది. మీ బాధ ఎక్కడుందో మీకే తెలిసినట్టుంది.

పోలీసుల మాట ఇక ఎత్తకండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు పెట్టిన మాట నిజమే కాని, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకున్నా సుమారు 60 దాకా వెళుతుంది కనుక, ఆ లెక్కన పిల్లలను పట్టుకోబోతే ముందు వీధి అరుగులన్నీ ఖాళీ చేయించాలి. జర్మనీలో ఇలాంటి తగాదాలు కోర్టులదాకా వెళ్లి, చివరకు ఆటస్థలాల్లో పిల్లల సందడిని సాధారణంగా హానికర శబ్దంగా లెక్కించరాదని 2011లో చట్టమే సవరించారు.

మనకు ఆ ఆటస్థలమే కరువు. కోడి రామమూర్తి స్టేడియం ఉన్న ఊరే అయినా, పదేళ్లవాడిని ఆటోల మధ్యనుంచి ఒంటరిగా అక్కడికి మీరు పంపుతారా? మీ లేఅవుట్‌లో ఉమ్మడి అవసరాలకని వదిలిన ఖాళీ స్థలం ఇప్పుడు ఏమైందో నగరపాలక సంస్థ పట్టణ ప్రణాళిక విభాగంలో అర్జీ పెట్టి అడగండి. పాఠశాల రికార్డులు రాసిన చేతికి అర్జీ ఒక లెక్కా? అది తేలడానికి నెలలు పట్టవచ్చు.

బంతి మాత్రం రేపే ఇవ్వండి. మనవడి చేత పంపవద్దు, వాడిని మధ్యవర్తిని చేయవద్దు. మీరే వీధిలోకి వెళ్లి, మామ్మగారికి మోకాలు నొప్పి, మూడింటి నుంచి ఐదింటి వరకు పడుకోనివ్వండి, వికెట్లు మా కిటికీకి దూరంగా పాతుకోండి అని కారణంతో సహా చెప్పండి. "గోల చేయకండి" అంటే ఏ గుంటడికీ అర్థం కాదు. ఏ వేళ, ఎక్కడ అన్నది అర్థమవుతుంది. డ్రిల్లు పీరియడు చూసినవారు, మీకు నేను చెప్పాలా! మంచం వెనక గదిలోకి మార్చడం, రాత్రి నొప్పికి మందు సరిపోతోందా అని ఆపరేషన్ చేసిన డాక్టరుగారిని అడగడం కూడా వాయిదా వేయకండి.

వీధిలోకి వెళ్లే ముందు కోడలితో "నేను తొందరపడ్డానమ్మా" అని ఒక్క మాట అనండి. మనవడిని చేర్చుకోమని మాత్రం ఆ పిల్లలను ఆ రోజు అడగకండి. బంతికి బదులుగా అడిగినట్టుంటుంది, వాడికది చిన్నతనం.