ఆ మందారాలు తీసెయ్యి బాబూ

బాబూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి కోపంతో. నాలుగో పేజీలో "అమ్మ గుండెల మీద ఎర్ర మందారాలు పూశాయి" అని రాశావు చూడు, అక్కడ కాగితాలు పక్కన పడేసి వెళ్ళి కాఫీ కలుపుకున్నాను. మందారాలేమిటయ్యా? రొమ్ము క్యాన్సర్ చర్మంలోకి వచ్చిన మనిషిని నువ్వు దగ్గర నుంచి చూశావా, పక్కగదిలో కూర్చుని ఊహించావా?

చూసే ఉంటావు. ఆరో పేజీలో ఆవిడ జాకెట్లు మానేసి భర్త పాత బనీను తొడుక్కుందని ఒక్క ముక్క రాశావు, అది ఊహకి అందేది కాదు. ఈ జవాబు ఆ బనీను పుణ్యమే.

మా పిన్నిది తెనాలి దగ్గర పల్లె. ఎడమ రొమ్ము తీసేశాక ఆరేళ్ళు బాగానే తిరిగింది, ఏటా ఆవకాయ పెట్టింది, మనవరాలి ఓణీల ఫంక్షన్ తన చేతుల మీద చేసింది. ఏడో ఏడు ఎండల్లో కుట్ల మచ్చ పక్కన కందిగింజలంత బొడిపెలు మూడు కనిపించాయి. నొప్పి లేదు, దురద లేదు. చెమటకాయలన్నారు, పౌడరు చల్లారు. తామరేమోనని మందుల షాపు అబ్బాయి ట్యూబు ఇచ్చాడు. అవి వరసగా పక్కకి పాకేసరికి సర్పి అని మంత్రం వేయించారు. నొప్పి లేదుగా, ఏం కాదులే అనుకున్నాం అందరం. అలాంటి బొడిపెలు చాలాసార్లు నొప్పే పెట్టవని తర్వాత తెలిసింది. నాలుగు నెలలు పోయాక ఒక డాక్టరు మినపగింజంత ముక్క తీసి పరీక్షకి పంపితే అప్పుడు తేలింది. కొత్తగా వచ్చిన చర్మం జబ్బేం కాదు, పాత జబ్బే చర్మంలో మొలిచింది.

నువ్వేమో "విషం పైకి ఉబికింది" అని ఒక్క మాటతో దాటేశావు. ఏ దారిన ఉబికింది? కింద ఉన్న గడ్డే పెరుగుతూ పెరుగుతూ చర్మాన్ని తాకవచ్చు. ఒంట్లో చేరిన నీటిని తోడే సన్నటి గొట్టాలుంటాయి, లింఫు నాళాలంటారు, వాటి వెంట చర్మంలోకి రావచ్చు. రక్తంలో కొట్టుకుపోయి ఎక్కడో తేలవచ్చు. మొదటి రెండు దారుల వల్లే ఎక్కువగా ఛాతీ మీద, మచ్చ చుట్టుపక్కలే కనిపిస్తుంది. రక్తం దారి పట్టిందంటే నడినెత్తిన కూడా మొలవచ్చు, అక్కడ జుట్టు రాలి నున్నగా అయితే పేనుకొరుకుడని మోసపోతాం. ఇవన్నీ కథలో పెట్టమనడం లేదు. నీకు తెలిసి ఉంటే వాక్యం వేరేగా వస్తుందంటున్నాను.

ఉపమానాలే వద్దా అంటావు. ముప్ఫై ఏళ్ళుగా నేను అందరితో తగువు పడేది దీని మీదే: కళ్ళారా చూసినవాడికే పోలిక చెప్పే హక్కు. డాక్టర్లు బత్తాయి తొక్క అంటారు చూడు, అదీ పోలికే. క్యాన్సర్ కణాలు చర్మంలోని లింఫు నాళాలకి అడ్డం పడితే నీరు దిగక చర్మం ఉబ్బుతుంది, వెంట్రుకల కుదుళ్ళ దగ్గర మాత్రం కిందికి పట్టి ఉండటంతో గుంటలు గుంటలుగా ఉంటుంది. ఆ ఒక్క మాటలో జబ్బు పనితీరంతా ఉంది. రొమ్ము క్యాన్సర్‌లోనే ఇన్‌ఫ్లమేటరీ అని వాపులా కనిపించే రకం ఒకటుంది, అందులో ఇదే కనిపిస్తుంది, రొమ్ము ఎర్రగా వేడిగా ఉంటుంది, గడ్డ చేతికి తగలకపోనూవచ్చు, ఇన్ఫెక్షనేలే అని యాంటీబయాటిక్స్ మింగిస్తూ వారాలు గడిపేస్తారు. ఛాతీ చర్మమంతా బల్లలా బిగుసుకుపోతే 1838లో వెల్పో అనే ఫ్రెంచి సర్జన్ దాన్ని కవచంతో పోల్చాడు. 1889లో లండన్‌లో స్టీఫెన్ పేజెట్ అనే సర్జన్ రొమ్ము క్యాన్సర్‌తో పోయిన 735 మంది శవపరీక్షల రికార్డులు ముందేసుకుని, ఇది కొన్ని అవయవాలకే ఎందుకు ఎక్కువ పాకుతోందని అడిగాడు. విత్తనాలు అన్నివైపులా పోతాయి గానీ పనికొచ్చే నేలలోనే మొలుస్తాయని జవాబూ ఆయనే చెప్పాడు. 735 రికార్డులు చదివాక చెప్పిన పోలిక అది! నీ మందారాల వెనక ఎన్ని ఉన్నాయి?

పిన్ని మీద నేనూ కథ రాశాను. బొడిపెలు పగిలి పుండు పడింది, వాసన. అది గాలి అక్కర్లేని సూక్ష్మజీవుల పని. మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి పుండు మీద చల్లమంది నర్సమ్మ, చల్లాక వాసన తగ్గింది, అప్పటిదాకా గడప బయటే నిలబెట్టిన మనవరాలిని పిన్ని మంచం మీదికి పిలిచింది. నా కథ అదే. ఒక వారపత్రిక ఎడిటరుగారు, "పాఠకులు అన్నం తింటూ చదువుతారమ్మా" అని ఆ భాగమంతా కోసేసి, నాకు చెప్పకుండా అగరొత్తుల పరిమళం చేర్చాడు. అచ్చయిన కాపీ పిన్నికి చూపించలేక అటకెక్కించాను. ఇప్పుడు పోటీలవాళ్ళు ఇంకో రకం, కథ చివర సందేశం ఉండాలట.

నీ కథలో కోడలు ఆవిడ కంచం విడిగా పెడుతుంది. పెట్టనీ, అలాంటి కోడళ్ళున్నారు. కానీ ముట్టుకుంటే అంటుకునే జబ్బు కాదని నీ కథలో ఏ ఒక్కరికీ తెలియదు, నీకు తెలుసో లేదో నాకు అంతుపట్టలేదు. పుండు కడిగేటప్పుడు గ్లౌజులు వేసుకునేది పుండుకి మన మురికి అంటకుండా కూడా. ఇంకోటి, చర్మం మీద కనిపించిన మూడోరోజే ఆవిడని చంపేశావు. మా పిన్ని ముక్కని మళ్ళీ హార్మోన్ పరీక్షలకి పంపారు, మొదటిసారి వచ్చిన రిజల్టే మళ్ళీ రావాలని లేదట, మాత్రలు మార్చారు, కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. ఇంకో రెండేళ్ళకి పైగా ఉంది. ఆ రెండేళ్ళు రాయడం కష్టం కాబట్టి మూడురోజుల్లో ముగించావని నా అనుమానం.

కలం పేరు గురించీ, పుస్తకం ఎవరు వేస్తారనీ అడిగావు. తర్వాత చూద్దాం.

ఇంతకీ ఆ బనీను ఎవరు ఉతికేవాళ్ళు? నువ్వు రాయలేదు.

ఇట్లు,
మీ అమ్మమ్మ వయసు మనిషి