నొప్పి మాత్ర ఆపండి, ముందు కిడ్నీ పరీక్ష చేయించుకోండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 61. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. వ్యవసాయ కుటుంబంలో పుట్టి, పందొమ్మిదో ఏట సైన్యంలో చేరాను. సైన్యం యంత్రాలు, వాహనాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెల్డర్‌గా 17 ఏళ్లు పనిచేసి, హవల్దారుగా పదవీ విరమణ చేశాను. అప్పటి నుంచి సొంత వెల్డింగ్ షాపు నడుపుతున్నాను. మోకాళ్ల నొప్పి, నడుము నొప్పికి మూడేళ్లుగా రోజూ రెండు మాత్రలు వేసుకుంటున్నాను. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. ఈ మధ్య సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి, మూత్రంలో నురగ వస్తోంది. జీఐ పైపులు అతికిన రోజు రాత్రి చలిజ్వరం వచ్చి, తెల్లారేసరికి తగ్గిపోతోంది. చెవుల్లో హోరు కూడా ఉంది. మోకాళ్లకు ఆపరేషన్ తప్పదా?
– మాజీ సైనికుడు, గజపతి జిల్లా

జవాబు: హవల్దార్ గారూ, మోకాళ్ల సంగతి తర్వాత చెబుతాను. మీరు రాసినవాటిలో నన్ను కలవరపెట్టినవి పాదాల వాపు, మూత్రంలో నురగ. మీరు వాటిని మాటవరసకు ప్రస్తావించి వదిలేశారు. నాకు మాత్రం అసలు సమస్య అక్కడే ఉందేమోనన్న అనుమానం కలిగింది.

ముందు ఆ మాత్రల అట్ట తీసి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్‌లలో ఏది కనిపించినా ఈ రోజే ఆపేయండి. చాలా అట్టల మీద పారాసిటమాల్ పేరు పక్కనే ఏసిక్లోఫెనాక్ అనీ ఉంటుంది. పారాసిటమాలే కదా అని ఏళ్ల తరబడి మింగేవారిని ఎందరినో చూస్తున్నాను. నొప్పి ఎక్కువైన రోజు వేయించుకునే సూదిమందు కూడా చాలావరకు ఈ జాతిదే.

ఈ మందులు కిడ్నీని ఎలా దెబ్బతీస్తాయో రైతుబిడ్డ అయిన మీకు తేలికగానే అర్థమవుతుంది. కిడ్నీలోని ప్రతి వడపోత గదికి రక్తం తెచ్చే సన్నని నాళం పొలానికి నీరు వదిలే తూము లాంటిది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ తూమును తెరిచి ఉంచే రసాయనాలు ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పి మాత్ర అణిచేది వాటినే. అవతలి వైపు, వడపోత గది నుంచి రక్తం బయటికి పోయే నాళాన్ని టెల్మిసార్టాన్ వదులు చేస్తుంది. రెండూ కలిస్తే వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. మీ బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ పోయించే హైడ్రోక్లోరోథయజైడ్ కూడా కలిసి ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. దీనికి తోడు రేకుల షెడ్డు కింద, ఎండాకాలంలో, చెమటలు కక్కుతూ మీరు చేసే పని. అయితే బీపీ మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు. అది డాక్టరు చూసి నిర్ణయించాల్సిన విషయం.

కూర్చుని, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి వదలండి. గుంట పడి, వెంటనే పూడకపోతే అది ఒంట్లో చేరిన నీరే. ఈ వారంలోనే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసి పంపాల్సిన వ్యర్థం), పొటాషియం, షుగరు, మూత్రంలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి పరీక్షలు చేయించుకోండి. అల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి కారితే నురగ వస్తుంది. బీపీ కూడా చూపించుకోండి. క్రియాటినిన్ ఒక్కటీ బాగుందని ధైర్యపడవద్దు. కిడ్నీల పనితనం సగం వరకు తగ్గినా ఆ అంకె మామూలుగానే కనిపించవచ్చు. మూత్రంలో అల్బుమిన్ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే పట్టించుకోవాల్సిందే.

ఇంత గట్టిగా చెప్పడానికి మీ ప్రాంతం కూడా కారణం. సరిహద్దుకు ఇవతల, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో – కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో – షుగరు, బీపీ లేని రైతులకు, కూలీలకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. దానికి అసలు కారణం ఇంకా తేలలేదు. అటువంటి చోటుకు పొరుగున ఉంటూ, తెలిసిన ముప్పును రోజుకు రెండుసార్లు చేతులారా మింగడం ఎందుకు? ఫలితాల్లో తేడా ఉంటే బ్రహ్మపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి గానీ, పలాసలోని ప్రభుత్వ కిడ్నీ ఆసుపత్రికి గానీ వెళ్లండి. పింఛను పొందే మాజీ సైనికుల కోసం 2003 ఏప్రిల్ 1 నుంచి ఈసీహెచ్‌ఎస్ వైద్య పథకం ఉంది. అంతకు ముందు రిటైరైన వారూ చేరవచ్చు. మీకు కార్డు లేకపోతే జిల్లా సైనిక బోర్డులో అడగండి. అది దేశం మీకు చేసే దానం కాదు, మీ హక్కు.

ఇక చలిజ్వరం. జీఐ పైపుకు పైన జింకు పూత ఉంటుంది. అతికేటప్పుడు లేచే ఆ పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత వణుకు, జ్వరం, నోట్లో లోహపు రుచి వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. పాలు తాగితే విరుగుడు అని వెల్డర్లు నమ్ముతారు గానీ, పాలు ఆ పొగను ఆపలేవు. అతికే చోట పూతను గ్రైండరుతో గీకేయండి, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా ఆరుబయట నిలబడండి, లోహపు పొగకు తగిన మాస్కు పెట్టుకోండి. తువ్వాలు చుట్టుకుంటే చాలదు. కానీ మీది మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి జ్వరం వచ్చిన ప్రతిసారీ రక్తపరీక్ష తప్పనిసరి. ఆశా కార్యకర్త దగ్గర కూడా ఆ పరీక్ష ఉంటుంది. ఫాల్సిపారం మలేరియా కూడా కిడ్నీలను దెబ్బతీస్తుంది. ‘వెల్డింగ్ జ్వరమే’ అనుకుని ఇంకో నొప్పి మాత్ర వేసుకోవద్దు.

మోకాళ్లకు ఇప్పుడే ఆపరేషన్ మాట వద్దు. ముందు నేల మీద గొంతుక్కూర్చుని అతకడం మానేయండి. నడుము ఎత్తులో ఇనుప బల్ల చేసుకోండి, మీ చేతిలో పనే కదా. మరుగుదొడ్డిలో కుర్చీ కమోడ్ పెట్టించుకోండి. వెల్లకిలా పడుకుని, కాలు చాచి, మడమను జానెడు ఎత్తుకు లేపి, అయిదు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పది పదిసార్లు, పూటకోసారి. తొడ కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. నొప్పి ఓర్చుకోలేని రోజు ఏమీ కలపని పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు వేసుకోవచ్చు. మద్యం అలవాటు ఉన్నా, కాలేయ జబ్బు ఉన్నా ముందు డాక్టరును అడగాలి. ఊరగాయ, ఎండుచేపలు, చద్దన్నంలో కలిపే ఉప్పు తగ్గించండి. రోజు మొత్తానికి ఒక చిన్న చెంచాడు చాలు. నీళ్లు దాహానికి తగినట్టు తాగండి. వాపు ఉండగా బలవంతంగా లీటర్ల కొద్దీ తాగవద్దు.

చెవుల హోరుకు కాల్పుల మోత, సుత్తి మోత రెండూ కారణం కావచ్చు. వినికిడి పరీక్ష చేయించుకుని, షాపులో చెవి రక్షణ తొడుగులు వాడండి.

మూత్రం బాగా తగ్గినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, వాంతులు మొదలైనా ఫలితాల కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. లేకుంటే పరీక్షలు అయ్యాక అంకెలు, బీపీ, నొప్పి మాత్ర, బీపీ మాత్ర అట్టల మీది పేర్లు రాసి పంపండి. తర్వాత ఏ మందు వాడాలో అప్పుడు చెబుతాను.