ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్లు అలా ఉండడానికి వాళ్ల బద్ధకమే కారణం కదా? ఏదో ఒక పని చేసుకోవచ్చు కదా?

ఇక్కడ ఒకాయన అడిగిన ఈ ప్రశ్ననే ఒకప్పుడు నన్ను ఒకావిడ మొహం మీదే అడిగింది. అప్పుడు నేను అట్టపెట్టె పరుచుకుని ఫుట్‌పాత్ మీద పడుకుని ఉన్నాను. కాబట్టి జవాబు చెప్పే హక్కు నాకు కొంచెం ఎక్కువే ఉందనుకుంటున్నా.

2012 డిసెంబర్. మా నాన్న బండి మీంచి పడితే తుంటి ఎముక విరిగింది. సూర్యాపేటలో చూసి హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. ఒక పెద్ద సర్కారు దవాఖానాలో చేర్చాం, పేరెందుకు లెండి. పేషెంటుకు ఒకటే అటెండెంట్ పాసు, అది అమ్మ దగ్గర ఉంది. నేనేమో పగలంతా మందుల షాపుకీ రక్తం బ్యాంకుకీ తిరగడం, రాత్రికి బయట. ఆపరేషన్ ఎప్పుడంటే "రేపు" అంటారు. ఆ రేపు రావడానికి పదకొండు రాత్రులు పట్టింది.

మొదటి రెండు రాత్రులు లాడ్జిలో ఉన్నా. రోజుకు 450. అప్పుడు నేను పత్తి మిల్లులో అకౌంటెంట్‌ని, జీతం తొమ్మిది వేలు. లెక్కలు రాసేవాడికి ఈ లెక్క తెలియడానికి ఎంతసేపు? మూడో రాత్రి బ్యాగు తీసుకుని దవాఖానా గోడ పక్కన ఫుట్‌పాత్ మీదకు వచ్చేశా.

ఫుట్‌పాత్ ఎవరిదీ కాదనుకుంటాం. వట్టిమాట. బ్యాగు దించగానే "ఏయ్, అది మా జాగ" అని ఒకడు అరిచాడు. ఇంకో చోట పెడితే ఇంకొకరు. చివరికి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పడుకున్న ఒక పెద్దాయన కాళ్లు ముడుచుకుని చోటిచ్చాడు. అరవై ఏళ్లుంటాయి. పాలమూరు మనిషి. మందుల షాపు వాళ్లు పారేసిన అట్టపెట్టె ఒకటి విప్పి నా వైపు నెట్టాడు.

"కింద ఏస్కో తమ్మీ, లేకుంటే సల్ల బొక్కలల్లకు ఎక్కుతది. చెప్పులు తలకింద పెట్టుకో. పొద్దుగాల లేస్తే ఉండయి."

రెండోది వినలేదు. పొద్దున లేస్తే చెప్పులు లేవు.

ఆయన పని చేయని రోజు నేను చూడలేదు. ముహూర్తాలుంటే ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్ వాళ్ల దగ్గర అంట్లు తోమడం, గిన్నెలు మోయడం. రాత్రి ఒంటిగంటకు వచ్చేవాడు, ఒళ్లంతా మసాలా వాసనతో. ముహూర్తాలు లేకపోతే పొద్దున ఆరింటికల్లా లేబర్ అడ్డా మీద. వచ్చిన పూట ఒక క్వార్టర్ వేసేవాడు.

అదిగో, అక్కడ దొరికాడనుకున్నా. అకౌంటెంట్ బుద్ధి ఎక్కడికి పోతుంది? "తాగుడికి రోజుకు అరవై అంటే నెలకు పద్దెనిమిది వందలు కాకా. ఆ డబ్బుకు ఎక్కడో ఒక చోట రూమ్ వస్తుంది కదా" అన్నా.

"ఎవడిస్తడు తమ్మీ? కార్డు ఉందా అంటడు. ఫ్యామిలీ ఉందా అంటడు. రెండు నెలల అడ్వాన్సు అంటడు. దూరం పోయి దీస్కుంటే అడ్డకు రానీకి రెండు బస్సులు మారాలె. ఆరింటికి నిలవడకుంటే ఆ రోజు కూలి పాయె." కాసేపాగి, "తాగకుంటే ఈ దోమలల్ల, ఈ సల్లల నిద్ర వడ్తదా? నిన్న నువ్వు నిద్రవోయినవా?" అన్నాడు.

పోలేదు. రాత్రంతా అంబులెన్సుల మోతే. మర్నాడు రక్తం బ్యాంకులో నాన్న బ్లడ్ గ్రూప్ అడిగితే ఒక్క నిమిషం గుర్తు రాలేదు నాకు. ఒక్క రాత్రి నిద్ర లేకపోతేనే అది నా తెలివి. ఏళ్ల తరబడి అలా ఉన్నవాణ్ణి పట్టుకుని "ప్లానింగ్ లేదు" అంటాం మనం.

ఇక అసలు సంగతి. ఐదో రాత్రి ఒంటిగంట దాటాక ఒక కారు ఆగింది. ఎవరిదో పుట్టినరోజట, దుప్పట్లు పంచడానికి వచ్చారు. ఒకావిడ, ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు దుప్పటి తీస్తాడు, ఆవిడ కప్పుతుంది, రెండోవాడు ఫోటో తీస్తాడు. వరసలో నా దగ్గరికి వచ్చారు. నేను లేచి కూర్చున్నా. మొహంలో ఏదో తేడా కనిపించినట్టుంది ఆవిడకి.

"చదువుకున్నావా బాబూ?"

"డిగ్రీ అండీ."

ఆవిడ నిజంగానే బాధపడింది. మంచి మనిషే, వెటకారమేం లేదు. "డిగ్రీ చదివి ఇలా పడి ఉన్నావా? కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి కదా నాయనా, ఏదో ఒక పని చేసుకోవచ్చు కదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. గబగబా, "నేను వీళ్లలాంటివాణ్ణి కాదండీ. నాకు ఉద్యోగం ఉంది, మా నాన్న లోపల ఆర్థో వార్డులో ఉన్నారు" అన్నా.

"అయ్యో, సారీ అండీ, ఏమీ అనుకోకండి. మీరు అటెండెంట్ అని తెలీదు." ఫోటో తీసినవాడితో డిలీట్ చేయించింది కూడా.

'నువ్వు' కాస్తా 'మీరు' అయింది చూశారా? మనిషిని నేనే, అట్టపెట్టె అదే, కాళ్లకు చెప్పులు కూడా లేవు. ఉద్యోగం ఉందనేసరికి నాకు 'అండీ' వచ్చింది. పక్కనున్న పెద్దాయన ఆ పూట పన్నెండు గంటలు గంగాళాలు తోమి వచ్చి పడుకున్నాడు. ఆయనకు రాలేదు.

కారు వెళ్లిపోయాక ఆయన అటు తిరిగి పడుకునే, "నేను గూడ పొద్దుగాల పనికి వోయేటోన్నే గద సారూ" అన్నాడు. అప్పటిదాకా నేను ఆయనకు తమ్మీని.

ఇంకొకటి. మర్నాడు పొద్దున ఆయన తనకిచ్చిన కొత్త దుప్పటిని నలభై రూపాయలకు అమ్మేశాడు. ఆవిడ చూసుంటే గుండె పగిలేది, 'వీళ్లు బాగుపడరు' అని ఆ రాత్రే గ్రూపుల్లో పెట్టేది. నాకూ ఒళ్లు మండింది. అడిగితే, "వారం రోజులల్ల మూడు దుప్పట్లు ఇచ్చిండ్రు. యాడ దాసుకోవాలె?" అన్నాడు. ఆయనకు ఒక పాత దుప్పటి, ఒక సంచి ఉన్నాయి. పగలు ఆ రెంటినీ దాచినందుకు టీ కొట్టు ఆమె రోజుకు ఐదు రూపాయలు తీసుకునేది. అంత డబ్బు లేనివాళ్లు చెట్టు కొమ్మకు కట్టుకునేవాళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ వెనక దోపుకునేవాళ్లు. చెత్త బండి వచ్చిన రోజు అవి కూడా పోతాయి. బీరువా ఉన్నవాడికి పొదుపు గురించి మాట్లాడడం చాలా తేలిక.

సోమరులే లేరా అంటే, ఉన్నారు. వైట్‌నర్ పీల్చే కుర్రాడు ఒకడుండేవాడు, నా చెప్పులు కొట్టేసింది వాడేనని నాకు ఇప్పటికీ అనుమానం. కానీ సోమరులు మా చుట్టాల్లోనూ ఉన్నారు. మా బావ ఒకాయన ఆన్‌లైన్ రమ్మీలో ఎనిమిది లక్షలు పోగొట్టాడు. తెలంగాణలో 2017లోనే దాన్ని నిషేధించారు, మా బావ లాంటి మహానుభావులకు అది అడ్డమా? ఏం జరిగింది? మామయ్య ప్లాటు అమ్మి అప్పులు తీర్చాడు. రెండు నెలలు ఇంట్లో తిట్లు, తర్వాత సంక్రాంతికి కొత్త బట్టలు. ఆయన్ని ఎవరైనా బాధ్యతారాహిత్యానికి ఉదాహరణగా చూపిస్తారా? "పాపం, టైమ్ బాలేదు" అంటారు. పెద్దాయన చేసిన తప్పల్లా భార్య పోయాక అన్నదమ్ముల పంపకాల్లో కాగితం చదవకుండా వేలిముద్ర వేయడం. నన్నడిగితే తేడా అంతా తప్పులో లేదు, వెనక అమ్మడానికి ప్లాటున్న మామయ్య ఉన్నాడా లేడా అన్నదాంట్లో ఉంది.

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కూడా ఇదే గొడవ. ఫ్లైఓవర్ కింద ఎవరో పడుకుంటున్నారని ఫోటోలు పెడతారు. మరి మన వాచ్‌మన్? భార్యా ఇద్దరు పిల్లలతో సెల్లార్లో లిఫ్ట్ పక్కన గదిలో ఉంటాడు. ఆ గది జీతంలో భాగం. మెయింటెనెన్స్ మీటింగులో ఎవరికో కోపం వచ్చి తీసేస్తే ఆ సాయంత్రానికి నలుగురికీ ఇల్లుండదు. దాన్ని పట్టించుకునే నాథుడు లేడు. బస్టాపుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవరో పడుకుంటారని బల్లలు తీసేసి ఇనప గొట్టాలు పెట్టారు. పడుకునేవాళ్లు పక్కకు పోయి పడుకుంటున్నారు, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకు మాత్రం కూర్చునే దిక్కు లేదు.

పెద్ద ఊళ్లకు పెద్ద చుట్టాలొస్తే ఇంకా తమాషా. 2017 నవంబర్‌లో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది, ఇవాంకా ట్రంప్ వచ్చారు గుర్తుందా? దానికి ముందు నగరంలో రెండు నెలల పాటు అడుక్కోవడాన్ని నిషేధించారు. పట్టుకున్నవాళ్లను జైళ్ల ఆవరణల్లోని కేంద్రాలకు తరలించారు. బిచ్చగాడి ఆచూకీ చెబితే 500 రూపాయల బహుమతి అని జైళ్ల శాఖ ప్రకటించింది. అప్పుడు మా ఆఫీసులో అందరూ శభాష్ అన్నారు. నేనూ పెద్దగా నోరెత్తలేదు, నిజం చెప్పాలి. ఇల్లు లేనివాళ్లంతా అడుక్కునేవాళ్లు కాదు, అడుక్కునేవాళ్లంతా ఇల్లు లేనివాళ్లూ కాదు. ఆ తేడా చూసే ఓపిక ఎవరికీ లేదు. అడుక్కోవడం మీద 2021లో ఎవరో సుప్రీంకోర్టుకు వెళ్తే, ఇది పేదరికం సమస్య, నిషేధించలేం అని కోర్టే చెప్పింది.

షెల్టర్లున్నాయి కదా, వెళ్లొచ్చు కదా అంటారు. లక్ష జనాభాకు ఒక షెల్టర్ చొప్పున, ఏడాది పొడవునా 24 గంటలూ నడపాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 లెక్కల్లో జీహెచ్ఎంసీ, అంటే హైదరాబాద్ కార్పొరేషన్, జనాభా 67 లక్షలు, అంటే అప్పటికే అరవై పైచిలుకు షెల్టర్లుండాలి. పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నా, నాకు దారి తెలిసినవి ఐదు. పోనీ ఉన్నదానికైనా ఆ పెద్దాయన వెళ్లగలడా? ఒకసారి వెళ్లాడట. తాగొచ్చాడని రానివ్వలేదు. తాగకుండా వెళ్తే రాత్రి ఒంటిగంటకు తలుపు తీసేవాడు లేడు. ఆయన పనే ఒంటిగంటకు అయిపోతుంది మరి. అదే 2011 జనగణనలో ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టడానికి ఫిబ్రవరి 28 రాత్రి తిరిగారు. దేశం మొత్తం మీద తేలింది 17.7 లక్షలు. ఆ రాత్రి ఎక్కడో ఫంక్షన్ హాల్ వెనక అంట్లు తోముతున్నవాళ్లు అందులోకి ఎక్కారంటే నేను నమ్మను.

కార్పొరేషన్ పెట్టే ఐదు రూపాయల భోజనం మీదా ఏడుపే. 2014 మార్చిలో నాంపల్లి సరాయి దగ్గర మొదలుపెట్టారు. ప్రయాణికుల కోసం నిజాం కాలంలో కట్టిన సరాయి అది. అన్నం, సాంబారు, కూర, పచ్చడి. జనాన్ని సోమరిపోతుల్ని చేస్తున్నారన్నారు. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చిన కొత్తలో చాలా రోజులు అదే తిన్నా నేను. లైన్లో నా ముందు ఆటోవాళ్లు, వెనక కోచింగ్ పిల్లలు, ఆస్పత్రి అటెండెంట్లు. పన్నెండున్నరకు తిని ఒంటిగంటకల్లా అందరూ పనిలోకి పరిగెత్తేవాళ్లే.

ప్రశ్న అడిగినాయన ఇదంతా అడగలేదు, తెలుసు. నేను చెప్పాలనుకున్నదే చెప్పాను.

పన్నెండో రోజు నాన్నకు రాడ్ వేశారు. డిశ్చార్జ్ రోజు పొద్దున్నే పెద్దాయన దగ్గరకు వెళ్లా. అడ్డాకు బయల్దేరబోతున్నాడు. నాకిచ్చిన దుప్పటి తీసుకోమంటే, "ఊరికి దీస్కపో, మీ నాయినకు కప్పు" అన్నాడు. వంద రూపాయల నోటు ఇవ్వబోతే తీసుకోలేదు. టీ తాగుదామంటే వచ్చాడు. టీ డబ్బులు నేనివ్వబోయేలోపే తనే ఇచ్చేశాడు, సంచి దాచే ఐదు రూపాయలతో కలిపి. ఆ రాత్రి నేను అన్న మాటకు ఏదో చెబుదామని "కాకా..." అని మొదలుపెట్టాను. అప్పటికే అడ్డా వైపు నడుస్తున్నాడు. వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తాడు.

"మంచిది సారూ."