ఎవడబ్బ సొమ్ము?

తమ్ముడూ,

యాదగిరిగుట్ట గుడిని మళ్లీ కట్టడానికి అయిన ఖర్చు గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కోపం బాగుంది, భాషా బాగుంది. కానీ మూడో పేరాలో ‘ఈ డబ్బుతో ఎన్ని ఆసుపత్రులు కట్టొచ్చు’ అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. పాతికేళ్ల వయసులో ఆ వాక్యం నేనూ రాశాను. ఓ సంపాదకుడు దాని పక్కన ఎర్రసిరాతో ‘ఆ డబ్బు ఆసుపత్రికి వెళ్లేదేనా?’ అని రాసి తిప్పి పంపాడు. వారం రోజులు ఆయన్ని తిట్టుకుంటూ తిరిగాను.

ముందు డబ్బు ఎవరిదో తేల్చుకో. మొక్కు తీర్చుకోవడానికి హుండీలో వేసే నూటపదహార్లు వేరు, బడ్జెట్‌లోంచి వచ్చే కోట్లు వేరు. మొదటిదాని మీద మనకు పెత్తనం లేదు. రెండోదాన్ని లెక్క అడగొచ్చు, అడగాలి కూడా. గుట్టకి అయిన ఖర్చు వెయ్యి కోట్లు దాటింది, అందులో పెద్ద వాటా ప్రభుత్వానిది. విమాన గోపురం బంగారు తాపడానికి జనం కూడా విరాళాలిచ్చారు. నువ్వు రెండూ ఒకే మూటలో కట్టేశావు.

ఈ తగువు తెలుగులో కొత్తదేం కాదు. పదిహేడో శతాబ్దంలో పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, శిస్తు డబ్బుతో భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ ఖైదులో పడ్డాడు. ఆయన కీర్తన చూడు, సగం భక్తి, సగం జమాఖర్చు. సీతమ్మకు చేయించిన చింతాకు పతకానికి పదివేల మొహరీలు పట్టాయని దేవుడి మొహం మీదే చెప్పి, ‘ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు’ అని నిలదీశాడు. గుడి ఖర్చు గురించి ఇంత సూటి ప్రశ్న నాకు మరెక్కడా కనబడలేదు. అదీ కట్టించినవాడి నోటి నుంచే! (ఆ సొమ్ము ఆయన అబ్బదీ కాదనుకో, శిస్తు కట్టిన రైతులది. ఆ ముక్క మాత్రం పాటలో లేదు.)

ఇప్పుడు నీకో పని. ములుగు జిల్లా పాలంపేట వెళ్లు. రామప్ప గుడిలో మదనికలనే నాట్యగత్తెల శిల్పాల్నీ, నీళ్లలో తేలే ఇటుకల కథనీ అందరూ రాశారు, నువ్వు మళ్లీ రాయక్కర్లేదు. దగ్గర్లోనే ఉన్న రామప్ప చెరువు కట్ట ఎక్కి నిలబడు. 1213 నాటి ఆ గుడినీ, ఆ చెరువునీ కట్టించింది ఒక్కడే, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఆ నీళ్లకింద ఇంకా వరి పండుతోంది. కాకతీయుల కాలంలో గుడీ చెరువూ జంటగా లేచేవి. దేవుడి మాన్యం తడవకపోతే నైవేద్యం ఉండదు, అందుకని చెరువు బాగు గుడికీ కావాలి. ఆ బండలు మోసినవాళ్లకి ఎంత ముట్టిందో నాకు అనుమానమే. అయినా కట్ట మీద నిలబడితే రామప్ప ఖర్చు మీద ఫిర్యాదు చెయ్యడానికి నోరు రాదు.

గుట్ట దగ్గర మాత్రం ‘చెరువేది?’ అని అడగాలనిపిస్తుంది. చెరువంటే అచ్చంగా చెరువే అనుకోకు, గుడితో పాటు చుట్టుపక్కల జనానికి ఏం దక్కిందని. కృష్ణశిల చెక్కిన వందల మంది శిల్పులకి ఏళ్ల తరబడి పని దొరికింది, అది చిన్న సంగతి కాదు, నీ వ్యాసంలో వాళ్ల ఊసే లేదు. మరోపక్క 2022 మార్చిలో గుడి తెరిచాక కొండ మీదికి ఆటోల్ని రానివ్వలేదు. ఆటోవాళ్లు ఆందోళనలు చేస్తే, 2024లో గానీ మళ్లీ ఒప్పుకోలేదు. ఆ మధ్యకాలంలో ఒక ఆటో అతని ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో నీకు తెలుసా? నాకూ తెలీదు. నువ్వు కనుక్కుని రాస్తే చదువుతాను.

వ్యాసం ఈ ఉత్తరంతోనే తిప్పి పంపుతున్నాను. గుట్ట కింద ఆటోలు ఆగే చోట ఒక పూట కూర్చుని, మళ్లీ రాసి పంపు. పక్కన రాసినవన్నీ పెన్సిల్‌తోనే రాశాను, ఎర్రసిరా వాడలేదు.

మీ అన్నయ్య